అంబుజానికి కప్పిన పొన్నాడ

గుడియాత్తంలో కట్టడాల కాంట్రాక్టర్ల చేతికి కొత్త మారుతి కార్లు వచ్చిన కాలం అది. వాళ్ళ సంఘానికి పెద్ద గోవిందరాజు. సంఘం నడిపే కాన్పుల ఆసుపత్రిలో అంబుజం ఇరవై ఏళ్ళుగా నర్సు. ఆమె సేవని గుర్తించాలని ఆయనకి ఇన్నాళ్ళకి బుద్ధి పుట్టింది. అదే పదివేలు!

ఆదివారం ఆసుపత్రి ముందరే పందిరి వేశారు. డాక్టరమ్మ ఆదివారాలు వేలూరులోనే ఉంటుంది. అంబుజం మెడలో దండ వేసి వేదిక మీద కూర్చోబెట్టారు. దండ పడిన మనిషి, ముఖ్య అతిథి వచ్చి పొన్నాడ కప్పేదాకా కుర్చీ దిగకూడదు. దిగితే ఆ పెద్దమనిషికి అవమానమట. పట్టుశాలువకి ఇక్కడ పొన్నాడ అని పేరు.

ఇంతలో ఆయా కమలమ్మ పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, పరదరామి నుంచి సురేఖ వచ్చిండాది, మేస్త్రీ పెండ్లాము. బిడ్డ కాళ్ళు ముందర వస్తా ఉండాయి."

అంబుజం లేచింది. అట్లాంటి బిడ్డని ప్రాణంతో తియ్యగల చెయ్యి అక్కడ ఆమెదొక్కటే. గోవిందరాజు మైకు మూసిపట్టుకున్నాడు.

"కూర్చోమ్మా! అతిథి కారు పళ్ళికొండ దాటేసిందంట. ఇప్పుడు నువ్వు దిగిపోతే నా మానం ఏం గావాల?"

కూర్చుంది. భయమొక్కటే కాదు, ఆశ కూడా. ఊరి పిల్లల్లో సగం మందిని ఆమే భూమ్మీద వేసింది. అయినా పురిటి మైల ముట్టిన మనిషని, పేరు పెట్టే పండగకి ఒక్క ఇల్లూ పిలవలేదు. ఒక్కసారి నలుగురి ముందర పెద్దరికం చూడాలనుకుంది. ఆ పాడు ఆశే కొంప ముంచింది.

కారు వచ్చింది. దీపం వెలిగించారు, ఉపన్యాసాలు దంచారు. "ఈ తల్లి చేతిలో ఒక్క బిడ్డా పోలేదు" అని మైకు అరిచింది. జనం చప్పట్లు కొట్టారు. పొన్నాడ భుజాన పడీ పడగానే అంబుజం లోపలికి పరుగుతీసింది.

తల్లి బతికింది. బిడ్డ బతకలేదు. చుట్టడానికి వాళ్ళ దగ్గర పాతచీర ముక్కయినా లేకపోతే, అంబుజం తన పొన్నాడే తీసి చుట్టి ఇచ్చింది. సురేఖ తిట్టలేదు.

"మైకులో నీ పేరే వినబడతా ఉన్నిందక్కా. ఇదో వచ్చేస్తావనుకుంటి" అనింది.

తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున గోవిందరాజు ఫోటోగ్రాఫరుని వెంటబెట్టుకుని వచ్చాడు.

"పటం సరిగ్గా పడలేదమ్మా. పొన్నాడ ఎత్తుకోని రా, మళ్ళీ కప్పి తీస్తాము. పేపరుకి పంపాల."

"అది ఏటి ఇసకలో ఉండాదయ్యా. సురేఖ బిడ్డకి చుట్టినాము."

గోవిందరాజు గతుక్కుమన్నాడు. తరువాత ఫోటోగ్రాఫరు వైపు తిరిగాడు.

"అంగడికి పోయి ఇంకొకటి తీసుకోని రాప్పా. అదే రంగు చూసి తే."