మా అత్త పళ్ళు కనబడని ఫోటో

మనిషిని కెమెరా ముందు కూర్చోబెట్టడం ఎవరికైనా వస్తుంది. ఆ మనిషి మొహంలోకి ప్రాణం రప్పించడమే కష్టం. స్టూలు మీద కూర్చోగానే మెడ బిగుసుకుంటుంది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. "నవ్వండి" అన్నామా, పంటినొప్పి వచ్చినట్టు పెదవులు సాగదీస్తారు. అందుకే నా స్టూడియోలో ఆ మాట నిషేధం.

నా పద్ధతి వేరు. ఫోకస్ సరిచూసుకుంటూ, మామూలుగా కబురు చెబుతున్నట్టు, ఓ వింత నిజం చెబుతాను. "ఆస్ట్రేలియాలో వాంబాట్ అని ఓ జంతువుందండీ, దాని పెంటికలు గుండ్రంగా ఉండవు, పాచికల్లా నలుపలకలుగా ఉంటాయి" అంటాను. అంతే. బ్యాంకు మేనేజరు కానివ్వండి, పెళ్ళికూతురు కానివ్వండి, ఒక్క క్షణం మొహం విచ్చుకుంటుంది. ఆ క్షణంలో నొక్కుతాను. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నవ్వలేదని పేరున్న ఓ జడ్జిగారి చేత పెంటికల మీదే నవ్వించాను. ఆయన ఇప్పటికీ ఆ ఫోటోనే గోడకి తగిలించుకున్నారు, ఏం విని నవ్వారో మాత్రం ఎవరికీ చెప్పరు.

తెర వెనక ప్రింట్లు తీసేది మా ఆయన. ఇరవై రెండేళ్ళ కాపురంలో నేను చెప్పిన ఒక్క మాటని కూడా వెతికి చూడకుండా నమ్మలేదు మహానుభావుడు. నేను ఇటు చెప్పడం, ఆయన అటు ఫోనులో వెతకడం, కాసేపటికి తెర వెనక నుంచి "నిజమేనట" అని నీరసంగా వినబడటం. దొరికిపోతానని ఆశ పాపం.

ఒక్క పాస్‌పోర్టు ఫోటోలకి మాత్రం నేను నోరు మెదపను. అక్కడ నవ్వకూడదు, పళ్ళు కనబడకూడదు, కనుబొమలు ఎగరకూడదు. ఎవడు పెట్టాడో గాని ఈ రూలు, వాడి మొహం మాత్రం నాకు చూడాలని ఉంది. సరే, రూలు రూలే. జనం స్టూలెక్కుతారు, బిగుసుకుంటారు, నొక్కుతాను, దిగిపోతారు. ఇన్నేళ్ళలో ఒక్కటీ తిరిగి రాలేదు, మా అత్త వచ్చేదాకా.

అత్తంటే మా నాన్నకి అక్క. అరవై మూడేళ్ళు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఏళ్ళు ఆపరేటరుగా చేసింది. ఈగ వాలినా నవ్వుతుంది, లేచినా నవ్వుతుంది. ఆవిడ పెళ్ళి ఫోటోల్లో ఒక్కదానిలోనూ నోరు మూసి లేదు. పరామర్శకి తీసుకెళ్తే వెనక వరసలో, పక్కన గట్టిగా గిల్లేవాళ్ళని పెట్టి కూర్చోబెడతాం.

ఎక్స్ఛేంజి భోజనాల గదిలో ఓ టేబుల్ టెన్నిస్ బల్ల ఉండేది. అక్కడ నేర్చుకున్న ఆట. ఇప్పుడు అరవై దాటిన ఆడవాళ్ళ డబుల్సు పోటీలకి, విదేశం పంపే జట్టులోకి అత్తనీ ఆవిడ జోడీ అయిన రిటైర్డ్ నర్సుగారినీ ఎంపిక చేశారు. నర్సుగారి పాస్‌పోర్టు ఎప్పుడో వచ్చేసింది. అత్తది ఫోటో దగ్గరే ఆగిపోయింది.

నేను తీసిన మొదటి ఫోటోలో పళ్ళు కనబడ్డాయి, వెనక్కి పంపారు. రెండోదానిలో నోరు మూసింది కానీ నవ్వంతా బుగ్గల్లో దాచుకుంది, రెండు బుగ్గలూ బూరెల్లా వచ్చాయి. మూడోదానిలో నవ్వు ఆపుకోవడానికి కళ్ళు గట్టిగా మూసుకుంది. పాస్‌పోర్టు ఆఫీసు గుమాస్తా మనిషి ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. మూడోసారి ఫోటో తిప్పి ఇస్తూ, "నవ్వు నాలుగు విధాల చేటు అన్నారమ్మా పెద్దలు" అన్నాడట.

"ఒకటి మీరని తెలిసింది బాబూ, మిగతా మూడూ ఎవరు?" అని అడిగి మళ్ళీ నవ్వి వచ్చింది మా అత్త.

నాలుగో రోజు మధ్యాహ్నం మూడింటికి స్టూడియోలోకి వచ్చింది. సంచి బల్ల మీద పెట్టి, "ఇవాళే ఆఖరు రోజు" అంది. సాయంత్రం ఐదింటిలోగా దరఖాస్తు అందినట్టు రసీదు తేకపోతే జట్టులోంచి పేరు కొట్టేస్తారట. జోడీ లేకపోతే నర్సుగారు కూడా ఇంట్లోనే.

"అయితే నవ్వకుండా కూర్చో, అరనిమిషం పని" అన్నాను.

స్టూలు ఎక్కింది. నా వంక చూసింది. పకపకా నవ్వింది.

"ఇప్పుడేం జరిగిందని?"

"నువ్వు మాట్లాడకుండా ఉంటే చూళ్ళేకపోతున్నానే! మూతి అలా పెట్టావేంటి, ఉత్తరాల డబ్బాలాగా?"

నాకు ఒళ్ళు మండింది. "అత్తా, వెళ్ళాలని ఉందా లేదా నీకు? లేకపోతే చెప్పు, నా గిరాకీ నేను చూసుకుంటాను."

అత్త నవ్వు సగానికి తగ్గింది. పూర్తిగా మాత్రం పోలేదు. "లేకపోవడమేంటే! ముప్ఫై ఏళ్ళు లండన్ కలిపాను, సింగపూర్ కలిపాను, నైరోబీ కలిపాను. 'మాట్లాడండి' అనేదాన్ని, లైన్లోంచి తప్పుకునేదాన్ని. అన్ని ఊళ్ళ పేర్లూ నోటికొచ్చు. ఒక్క ఊరూ చూడలేదు. ఆశ ఉండదా?" అంది. ఆ మాట కూడా నవ్వుతూనే అంది, అదే ఆవిడతో వచ్చిన చిక్కు.

ఇక లాభం లేదనిపించింది. నేను నోరు మూసుకుంటే నవ్వుతోంది కాబట్టి, తెరిచి చూద్దామనుకున్నాను. అందరినీ నవ్వించే విద్యతోనే ఈవిడ నవ్వు ఆపాలి. ముందు నా వృత్తి పాఠమే తీశాను.

"పూర్వం ఇంగ్లండులో ఫోటోగ్రాఫర్లు పెదవులు బిగించి ఉండటానికి 'ప్రూన్స్' అనమనేవాళ్ళట. అవి ఓ రకం ఎండు పండ్లు. నువ్వూ అను."

"ప్రూన్స్" అంది అత్త. మూతి చుట్టుకుంది. కెమెరా అద్దంలో తన మూతి తనకే కనబడినట్టుంది, స్టూలు మీద నుంచి జారబోయింది.

"పూర్వం పాస్‌పోర్టుకి ఏ ఫోటో ఇచ్చినా పుచ్చుకునేవాళ్ళట. టోపీ పెట్టుకున్నదీ, కుటుంబమంతా కలిసి దిగిందీ కూడా."

"నిజమేనట" తెర వెనక నుంచి.

"నేనో వందేళ్ళు ముందు పుట్టాల్సిందే!" అని తొడ మీద చరుచుకుంది అత్త.

యుద్ధాలైతే బరువుగా ఉంటాయి కదా అని అటు మళ్ళాను. బ్రిటనుకీ జాంజిబారుకీ మధ్య జరిగిన యుద్ధం నలభై నిమిషాల్లోపే ముగిసిందన్నాను. "మా ఎక్స్ఛేంజిలో ట్రంకు కాల్ కలవడానికే అంతకంటే ఎక్కువ పట్టేది" అని నవ్వింది. ఆస్ట్రేలియాలో మిషన్ గన్నులతో సైన్యం ఈము పక్షుల మీదికి వెళ్ళి, ఏమీ చేయలేక తిరిగొచ్చిందన్నాను. ఇది చెప్పినందుకు నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలి. ఆ సైనికాధికారి ఇంటికెళ్ళి పెళ్ళానికి ఏమని చెప్పుకున్నాడో అత్త నటించి చూపించింది. తెర వెనక ప్రింటరు ఆగిపోయింది, మా ఆయన కూడా నవ్వుతున్నాడు.

టైము నాలుగైంది. నాకు చెమటలు పడుతున్నాయి.

"నీ ఆట సంగతే చెబుతాను, బుద్ధిగా విను. 1936లో ప్రపంచ పోటీల్లో ఇద్దరు మగాళ్ళు ఒక్క పాయింటు కోసం రెండు గంటల పైన ఆడారు. ఒకడూ కొట్టడు, ఒకడూ వదలడు. బంతిని అటూ ఇటూ చూసి చూసి అంపైరు మెడ పట్టేసింది. ఇంకో అంపైరుని తెచ్చారు."

ఆట గురించి కదా, గంభీరంగా వింటుందనుకున్నాను. అత్త మెడ అటూ ఇటూ తిప్పి, మధ్యలో ఆపి, "అమ్మో" అంది. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ నీళ్ళు తుడిచి, పౌడరు రాసి, మళ్ళీ కూర్చోబెట్టేసరికి పావు తక్కువ ఐదు. తల ప్రాణం తోకకొచ్చిందంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

నా దగ్గర ఒక్కటే మిగిలింది. అదీ నవ్వొచ్చేదే. ఫుట్‌బాల్ జట్లు గ్రూప్ ఫోటోకి వచ్చినప్పుడు చెబుతుంటాను, వెనక వరస కూడా పగలబడి నవ్వుతుంది. ఇంకేం లేక, విసుగ్గా, కెమెరా కూడా చూడకుండా మొదలుపెట్టాను.

"1937లో ఇంగ్లండులో ఓ మ్యాచ్. పొగమంచు కమ్మేసింది. ఎదుటి మనిషి కనబడక రిఫరీ ఆట ఆపేశాడు. అందరూ లోపలికి వెళ్ళిపోయారు. గోల్ కీపరు ఒక్కడే గోలు ముందు నిలబడిపోయాడు. వాడికి తెలియదు. మావాళ్ళు అవతల పక్క తెగ ఆడేస్తున్నారు కాబోలు, అందుకే బంతి ఇటు రావట్లేదు అనుకుంటున్నాడు. పావుగంట అలా కాపలా కాశాడు. చివరికి మంచులోంచి ఓ పోలీసు వచ్చి, 'ఇక్కడేం చేస్తున్నావయ్యా, మ్యాచ్ ఎప్పుడో ఆపేశారు' అన్నాడు."

నవ్వు వినబడలేదు.

తలెత్తాను. అత్త నోరు మూసుకుని ఉంది. బుగ్గలు మామూలుగా ఉన్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి. నేరుగా కెమెరాలోకి చూస్తోంది, కానీ కెమెరాని చూడటం లేదు. పుట్టి బుద్ధెరిగాక ఆ మొహం నేను చూడలేదు. ఇంతకాలం ఆ నవ్వు వెనక ఇంకో మనిషి కూర్చుని ఉందా అనిపించింది. బటను మీద వేలు పెట్టి, నోరు తెరుచుకుని అలాగే చూస్తూ నిలబడిపోయాను.

క్లిక్ మంది.

నొక్కింది నేను కాదు. మా ఆయన ఎప్పుడొచ్చాడో, నా వేలి మీద ఆయన వేలు పెట్టి నొక్కేశాడు. ఇరవై రెండేళ్ళలో నా కెమెరా ముట్టుకోవడం అదే మొదలు. తిట్టడానికి టైము లేదు.

"ఒక్కడంటే ఒక్కడు వెనక్కి తిరిగి చూళ్ళేదుటే?" అంది అత్త.

"ఐదుకి పది నిమిషాలుందండీ, నడవండి" అని చిటికెలో తీసిన ప్రింటు ఊపుతూ పరిగెత్తాడు మా ఆయన.

పాస్‌పోర్టు ఆఫీసు రోడ్డుకి అవతలే. ముగ్గురం పడుతూ లేస్తూ వెళ్ళాం. మెట్ల మీద అత్త కిందికి చూసుకుంది. ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి మా ఆయనది. ఇంకేముంది, మెట్ల మీదే మొదలైంది. కౌంటరు దగ్గరికి వెళ్ళేసరికి మనిషి ఊగిపోతోంది.

గుమాస్తా ఫోటో తీసుకున్నాడు. పళ్ళు లేవు, బుగ్గలు సరే, కళ్ళు సరే. తప్పు దొరక్క కాసేపు బాధపడ్డాడు. తర్వాత అత్తని చూశాడు, మళ్ళీ ఫోటో చూశాడు.

"ఈ ఫోటోలో ఉన్నావిడ ఎవరు?"

"ఆవిడేనండీ" అన్నాను.

"ఈవిడ కాదు. ఎక్కడా పోలిక లేదు."

"అయ్యా, పళ్ళు కనబడకూడదన్నారు, కనబడకుండా తెచ్చాం. ఇప్పుడు పోలిక లేదంటారా? మీకేం, పిల్లికి చెలగాటం!"

"ఒకసారి ఇలా మొహం పెట్టమనండి, చూస్తాను" అన్నాడు.

అత్త ప్రయత్నించింది. పాపం నిజంగానే ప్రయత్నించింది. మొహం బిగించింది, చెప్పులు గుర్తొచ్చాయి, ఆ బిగింపు కాస్తా బుర్రుమని ఊడిపోయింది. నేను ఆవిడ చెవిలో గోల్ కీపరు కథ మళ్ళీ మొదలుపెట్టాను. పక్క నుంచి మా ఆయన రొప్పుతూ "అది కూడా నిజమేనట, ఇప్పుడే చూశాను" అన్నాడు. దాంతో అత్త కౌంటరు పట్టుకుని కూలబడినంత పని చేసింది.

గోడ గడియారం ఐదు కొట్టింది.

గుమాస్తా మమ్మల్ని చూడలేదు. పక్కనున్న చెక్కబోర్డు తీసి కౌంటరు మీద నిలబెట్టాడు. 'సమయం ముగిసినది' అని ఉంది దాని మీద. దరఖాస్తు అత్త వైపు జరిపాడు.

అత్త ఆ బోర్డు చదివింది. చేత్తో కాగితం అందుకుంది, కానీ వెనక్కి తీసుకోలేదు, పట్టుకుని నిలబడింది. నవ్వు ఎప్పుడు పోయిందో నాకు తెలియలేదు. నాకు ఏడుపొచ్చింది. ఇంకొక్క వింత కూడా నా నోటికి రాలేదు, ఆ గుమాస్తా పీక పిసకాలని మాత్రం అనిపించింది.

సొరుగుకి తాళం వేయబోతూ అతను తలెత్తాడు. చేయి ఆగింది. మెల్లగా ఫోటో తీసి అత్త మొహం పక్కన పట్టుకున్నాడు. ఫోటో, మొహం, మళ్ళీ ఫోటో.

"ఆఁ," అన్నాడు, "ఈవిడే."

బోర్డు తీసి కింద పెట్టాడు. గడియారం వైపు చూడకుండా ముద్ర కొట్టాడు, రసీదు చింపి ఇచ్చాడు.

అత్త రసీదు తీసుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. "అయితే వెళ్ళొచ్చా బాబూ?"

"వెళ్ళొచ్చమ్మా."

"నేనే?"

"మీరేనమ్మా, ఇంకెవరు?"

అప్పుడు నవ్వింది మా అత్త. వెనక గదిలో ఫైళ్ళు సర్దుతున్నవాళ్ళు తొంగి చూశారు, గేటు దగ్గరి గార్డు ఏదో గొడవనుకుని లోపలికి పరిగెత్తుకొచ్చాడు. గుమాస్తా మళ్ళీ ఫోటో చూశాడు, ఆవిడని చూశాడు, కంగారుగా చేతులు ఊపాడు.

"అమ్మా, మళ్ళీ మారిపోతున్నారు! మా ఆఫీసరు చూడకముందే వెళ్ళిపోండి."