ఇల్లుబండిలో పక్క సీటు

మా ఆయన మంచివాడే గానీ, బండి కనబడితే ఒళ్లు తెలియదు. ఉద్యోగమంతా సిటీ బస్సు నడిపాడు. రిటైరైన మర్నాడే, కాఫీ గ్లాసు కూడా కింద పెట్టకుండా, "ఇక మనిద్దరం ఊళ్లు తిరుగుదాం. మోటార్‌హోమ్ కొందాం," అన్నాడు. నేను దానికి ఇల్లుబండి అని పేరు పెట్టాను. మా ఆడపడుచు ఫోన్‌లో విని పడీపడీ నవ్వింది.

"వదినా, నత్త కూడా ఇల్లు మోసుకు తిరుగుతుంది గానీ వాయిదాలు కట్టదు," అంది.

వాయిదాల జోలికి పోవద్దని మేమూ ముందే అనుకున్నాం. మా దగ్గరున్న డబ్బుకు పాత బండే వస్తుంది. కొండదారుల్లో తిరగాలి, ఇద్దరికీ పడక ఉండాలి, వండుకోవడానికి కాస్త చోటుండాలి. ఇంతవరకు పేచీ లేదు. నాకు మాత్రం ఇంకొకటి కావాలి. దాన్ని నోరు విప్పి చెప్పలేదు.

పెళ్లయి ఇన్నేళ్లయినా, ఆయన బండి నడుపుతుంటే పక్కన కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ పోయిన పాపాన పోలేదు. మాకు కారు లేదు. నేను దర్జీని. రోజూ షాపుకు ఆయన బస్సులోనే వెళ్లేదాన్ని, మూడో వరుసలో, కిటికీ పక్కన. డ్రైవరు సీటు వెనక 'డ్రైవరుతో మాట్లాడరాదు' అని బోర్డు. ఈయనకా, రూలంటే ప్రాణం. పెళ్లాం ఎక్కినా తల తిప్పేవాడు కాదు. చేతికుట్టు పని ఒళ్లో పెట్టుకుని ఆయన మెడ వెనక పుట్టుమచ్చను చూస్తూ పోయేదాన్ని. కదిలే బస్సులో కుట్టినా నా కుట్టు ఒక్కనాడూ వంకర పోలేదు. అదంతా నా పనితనమేనని మురిసిపోయేదాన్ని కూడా. ఇల్లుబండి అనగానే పక్క సీటు నాదే అనుకున్నాను. అది కూడా చెప్పాలా ఏమిటి?

పాత బండ్లు అమ్మే చోటికి కొలతల టేపు చేతిలో పట్టుకునే వెళ్లాను. అమ్మే అతని నోటికి తాళం లేదు. మొదట పేద్ద బండి చూపించాడు. లోపల స్నానాలగది, సోఫా, టీవీ. ధర చూసి నేను గుండె పట్టుకున్నాను.

"ఇది మలుపు తిరగాలంటే కొండే కాస్త పక్కకు జరగాలి," అన్నాడు మా ఆయన.

రెండోది చిన్న వ్యాను. సీటు లాగితే పడక అవుతుంది. ఈయన్ని పడుకోబెట్టి కొలిస్తే కాళ్లు జానెడు బయటికొచ్చాయి. స్నానాలగది లేదు, పొయ్యి ఉండీ లేనట్టే. "డబ్బా," అని తేల్చేసి లేచాడు.

మూడోది ఒకప్పటి మినీబస్సు. ఎవరో సీట్లు తీసేసి ఇల్లుగా మార్చుకున్నారు. అంతే, మా ఆయన దాని కిందికి దూరాడు. చొక్కాకు గ్రీజు పూసుకుని వెలిగిపోతున్న మొహంతో బయటికొచ్చాడు. నేనూ లోపలంతా కొలిచాను. పడక ఆయనకు సరిపోయింది, వంటగట్టు నా నడుముకు సరిగ్గా వచ్చింది. మాకే కొలతలు తీసి కుట్టినట్టుంది. ధర కూడా మేం అనుకున్న దానికి లోపలే.

ఈయన బస్సు లైసెన్సు చూడగానే అమ్మే అతను తాళం చేతిలో పెట్టాడు. "ఎక్కు, ఓసారి తిప్పి చూద్దాం," అన్నాడు మా ఆయన.

ఎక్కాను. ఆయన సీటు పక్కన సీటు లేదు. ఇంజిను మీద పెద్ద పెట్టె ఉంది. నాకున్నది వెనక సీటు. నేను నిలబడే ఉంటే ఈయన పైనున్న అద్దంలోకి చూసి, "బండి కదులుతుంది, కూర్చోవాలి," అన్నాడు. ఒళ్లు మండిపోయింది నాకు.

రోడ్డెక్కాం. "ఏమండీ, ఆ తోట చూశారా?" అన్నాను. పలకలేదు. ఇంకాస్త అరిచాను. "ఆఁ?" అన్నాడు, తల తిప్పకుండా. ఎదురుగా అదే మెడ, అదే పుట్టుమచ్చ. ఇక ఆగలేక అరచేత్తో బండి గోడ మీద బాదాను.

నా మొగుడు ఏం చేశాడంటారు? తీరిగ్గా ఇండికేటరు వేసి, వచ్చే బస్‌స్టాపులో ఆపి, తలుపు తీశాడు! స్టాపులో ఉన్న ఇద్దరు సంచులు సర్దుకుని ఎక్కడానికి వచ్చారు. "ఇది బస్సు కాదమ్మా," అని వాళ్లకు చెప్పి నేను దిగిపోయాను.

ఆయన పరుగున వచ్చాడు. "ఏమైందే? కడుపులో తిప్పుతోందా?"

"నేను రాను."

"ఎక్కడికి?"

"ఎక్కడికీ రాను. మీరొక్కరే తిరిగి రండి."

"పొయ్యి నచ్చలేదా?"

"పొయ్యి మండిపోనూ! మీ పక్కన నాకు సీటేదండీ?"

ఆయన బండిలోకి తొంగి చూశాడు. అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "అక్కడ ఎప్పుడూ ఏమీ ఉండదు కదే," అన్నాడు మెల్లగా.

"అవును, నాకూ ఎప్పుడూ లేదు. ఇన్నేళ్లూ మీ మెడ చూస్తూ ప్రయాణం చేశాను. ఇక నావల్ల కాదు. మీతో మాట్లాడుతూ పోవాలని ఉంది నాకు." అనేసి ఏడ్చాను, నడిరోడ్డు మీద, సిగ్గు లేకుండా. బెంచీ మీద కూర్చున్నావిడ ఏమీ అడక్కుండా జరిగి నాకు చోటిచ్చింది.

నన్ను ఎక్కించుకుని బండిని అమ్మే చోటికే తిప్పాడు. తాళం ఇచ్చేస్తూ, "ఆ చిన్న వ్యాను ఇవ్వండి," అన్నాడు.

"అందులో మీ కాళ్లు బయటికొస్తాయి సార్!"

"రానీండి. మా ఆవిడ దర్జీ. పరుపుకు అతుకేస్తుంది."

వ్యానులో ఆయన పక్కన కూర్చుని బెల్టు పెట్టుకున్నాను. ఇంత దగ్గర్నుంచి ఆయన బండి నడపడం చూడటం అదే మొదలు. మాట మాత్రం లేదు. ఆ మినీబస్సు మీద బెంగ కాబోలనుకున్నాను. మాటిమాటికీ పైనున్న అద్దంలోకి చూస్తున్నాడు.

"వెనకాల ఎవరున్నారని ఆ చూపు?"

ఆయన తడబడ్డాడు. "నీకోసమే. అలవాటైపోయింది."

"నాకోసమా?"

"మూడో వరుస, కిటికీ పక్క. అద్దంలో కనబడుతూనే ఉండేదానివి. నువ్వు సూదిలో దారం ఎక్కిస్తుంటే గతుకులు తప్పించి తోలేవాణ్ణి. ఆ మినీబస్సులో అద్దం పెద్దది. అందులో నువ్వు బాగా కనబడ్డావు."

నా కుట్టు వంకర పోకపోవడం గుర్తొచ్చింది. ఆయన నన్ను చూడనే లేదని ఎన్నిసార్లు కుమిలిపోయానో ఆ కిటికీ పక్కన కూర్చుని.

"ఈ మాట ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"బోర్డు ఉంది కదే."

"ఇంట్లో లేదుగా బోర్డు?"

"ఇంట్లో నువ్వు నన్ను మాట్లాడనిస్తేగా!"

నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చీర చెంగుతో కళ్లు తుడుచుకుని, "ఇక పైకి చూడకండి. నేనిక్కడున్నాను," అన్నాను.

"రోడ్డు చూడాలి," అంటూనే ఆయన ఒక్కసారి నా వైపు తిరిగాడు.