వెనక నుంచి పది అడుగులు

ఫిర్దోస్ టీచర్‌కు ఒక పిచ్చి ఉంది. పుస్తకంలో ఉన్నది బట్టీ పట్టి అప్పజెప్పే పిల్లలంటే ఆమెకు ఒళ్ళు మంట. "ఎవరో చెప్పింది గాదు, మీరు చూసింది రాయుండ్రి" అని తొమ్మిదో తరగతికి చెవినిల్లు కట్టుకుని పోరేది. ఆ పిచ్చి ఒకరి నోటికాడి కూడు లాగేస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

ఆ ఏడు పిల్లలతో ఒక ప్రాజెక్టు మొదలుపెట్టింది. వాళ్ళ బడి నేతవాడ పక్కనే. పొద్దున్నుంచి రాత్రి దాకా పవర్‌లూమ్‌ల మోత. ఆ సాంచెల చప్పుడుకు నేత కార్మికుల వినికిడి పోతోందా, లేదా? అదీ ప్రశ్న. పిల్లలు పోయి పన్నెండు మందిని అడిగి వచ్చారు. పన్నెండు మందికీ బ్రహ్మాండంగా వినిపిస్తోందట.

"ఎట్ల అడిగిండ్రు?" అంది ఫిర్దోస్.

"ముంగట నిలబడి అడిగినం మేడం."

ఆమెకు నవ్వొచ్చింది. రోజంతా ఆ మోతలో బతికేవాళ్ళు పెదవుల కదలిక చూసే మాట పట్టేస్తారు. ముందు నిలబడి అడిగితే ఎవరు దొరుకుతారు? అందుకని అందరూ కూర్చుని కొత్త పద్ధతి పెట్టారు. మనిషి వెనక పది అడుగుల దూరంలో నిలబడాలి. మామూలు గొంతుతో మూడుసార్లు పిలవాలి. ఎదుట ఎవరూ నిలబడరాదు. ఈ మూడు నియమాలనూ పెద్ద చార్టు మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది రోజారాణి.

రెండోసారి పన్నెండు మందిలో ఏడుగురు పలకలేదు. ఆ ఏడుగురిలో రోజారాణి బాపు దేవదాసు ఒకడు. కూతురు మూడుసార్లు పిలిస్తే ఒక్కసారీ తల తిప్పలేదు. ఇన్నాళ్ళూ ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదు. పిలిస్తే మొగుడు పలకడని తల్లి చంద్రవ్వ "చెవిటోని ముంగట శంఖం ఊదినట్టే" అని దెప్పుతూనే ఉండేది, అది నిజమని తెలియక, పాపం.

బడిలో ప్రదర్శన పెట్టిన రోజు పొద్దున్నే రోజారాణి ఫిర్దోస్ దగ్గరికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి.

"మేడం, పట్టికల మా బాపు వరుస కొట్టేయుండ్రి. ఇయ్యాల బాపు పనిజేసే షెడ్డు సేటు లింగమూర్తి వస్తుండంట. పోయిన నెల ఒకాయనకు కేక వినబడక చెయ్యి సాంచెల వడ్డది. చెవులు పనిజెయ్యనోళ్ళు నా షెడ్డుల వద్దే వద్దన్నడు సేటు. బాపుకు ఇంకో పని రాదు మేడం."

"పేర్లు యాడున్నయి బిడ్డా? అంకెలే ఉన్నయి గద. ఫికర్ జెయ్యకు" అంది ఫిర్దోస్. "ఇయ్యాల ఒక్క వరుస కొట్టేస్తే మిగిలినయి ఎవలు నమ్ముతరు?"

ఆ మాట అన్నందుకు ఆమెకు లోపల కొంచెం గర్వంగా కూడా అనిపించింది. పేర్లు దాచాను, చాలు అనుకుంది. పట్టికలో 'పని చేసిన ఏళ్ళు' అని ఇంకో గడి ఉన్న సంగతి ఆమెకు తట్టలేదు.

మధ్యాహ్నం లింగమూర్తి వచ్చాడు. బడికి ఫ్యాన్లు ఇప్పించిన పెద్దమనిషి, అందుకే ముఖ్య అతిథి. మిగతా అతిథుల్లా చూసీచూడనట్టు సాగిపోలేదు. గుడ్డలో పోగు తప్పితే మూర మూరా చూసి పట్టుకునే మనిషి. ఆయన వేలు పట్టిక మీద జారుతూ జారుతూ ఏడో వరుస దగ్గర ఆగింది.

"ముప్పై ఒక్క ఏండ్లు" అన్నాడు. "నా షెడ్డుల గన్ని ఏండ్లు జేసినోడు ఒక్కడే ఉన్నడు మేడం."

ఫిర్దోస్ గబుక్కున పట్టికకు అడ్డం వచ్చింది.

"అది తప్పు వడ్డది సేటూ. పిల్లలు గద, అటుదిటు రాసిండ్రు."

పిల్లలందరి ముందు అంది ఆ మాట. ఏడాదంతా తాను చెప్పిన దాన్ని తానే మింగేసింది. తరగతి తరగతంతా ఆమె వైపు చూసింది. చూడనీ, ఆ మనిషి బతికితే చాలు అనుకుంది.

"తప్పా? అయితే మళ్ళ జూస్తే తెలుస్తది. మీరు నేర్పేది గదే గద" అన్నాడు లింగమూర్తి. ఆయన గొంతులో ఎగతాళి లేదు. "ఇంకో చెయ్యి పోతే నేను జూడలేను మేడం."

ప్రదర్శన చూడవచ్చిన దేవదాసు ఆ గదిలోనే ఉన్నాడు. ఎదురు గోడకున్న నియమాల చార్టు ముందు, వీళ్ళకు వీపు పెట్టి, కూతురి అక్షరాల కింద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతున్నాడు. రోజారాణి ఒక్క ఉరుకున పోయి చార్టు పక్కన, తండ్రి చూపుకు అందేలా నిలబడింది.

లింగమూర్తి కొలిచినట్టు పది అడుగుల దూరంలో ఆగాడు. చార్టు వైపు చూసి పైకి చదివాడు.

"'ఎదుట ఎవరూ నిలబడరాదు.' నువ్వు రాసిందే గద బిడ్డా. జర పక్కకు రా."

రోజారాణి ఫిర్దోస్ వైపు చూసింది. కదలకు అని చెప్పాలనుకుంది ఫిర్దోస్. కానీ నిలబడితే ఒప్పుకున్నట్టే, జరిగితే దొరికినట్టే. ఆ పిల్ల కాసేపు చూసి చూసి పక్కకు జరిగింది.

"దేవదాసూ."

వేలు రెండో నియమం మీదికి వచ్చింది.

"దేవదాసూ."

యా అల్లా, ఒక్కసారి తిరగనీ. ఫిర్దోస్ చెప్పు కాలితో నేలను గట్టిగా తన్నింది. అదురు తగిలైనా తిరుగుతాడేమోనని ఆశ. బండలు పరిచిన నేల, అదరలేదు.

"దేవదాసూ."

దేవదాసు మూడో నియమం చివరి అక్షరం దాకా చదివి, తీరిగ్గా వెనక్కి తిరిగాడు. అందరూ తననే చూస్తున్నారు. కూతురి చేతిరాత చూసి మెచ్చుకుంటున్నారనుకున్నాడు కాబోలు, ముఖమంతా నవ్వయింది.

"మంచిగ రాసింది గద మేడం, మా బిడ్డ" అన్నాడు, కాస్త ఎక్కువ గొంతుతో.

జవాబు కోసం ఫిర్దోస్ పెదవుల వైపే చూస్తూ నిలబడ్డాడు.