తిన్నాకే సూది

"పిల్లికేమో ఉడికిన గుడ్డు, నాకేమో పచ్చిపులుసు. మస్తుగున్నది నీ ఇన్సాఫు," అన్నాడు శ్యాంసుందర్ కంచం ముందు కూర్చుని. నా మొగుడు. నేను గుడ్డు పెంకు ఒలుస్తున్నాను. పిల్లికి కూడా బిచ్చం పెట్టరని మనవాళ్ళు పిసినారులను తిడతారు. మా ఇంట్లో పిల్లికి పెట్టినందుకే తిట్లు. ఉప్పు వేయని గుడ్డును చిదిమి సేఠు గిన్నెలో వేశాను. అది మొత్తం తిని మూతి నాక్కున్నాక, మెడ వెనక చర్మాన్ని రెండు వేళ్ళతో లేపి ఇన్సులిన్ సూది గుచ్చాను. అది గురగురమంటూ నా మోకాలి మీద తల పెట్టింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను చేసిన పనికి ఎవరైనా అంత తృప్తిగా శబ్దం చేయగా వినడం అదే మొదలు.

సేఠు కార్ఖానా పిల్లి. సాంచాల మధ్య, అంటే మరమగ్గాల మధ్య తిరుగుతూ, పనివాళ్ళ చాయ్‌లో నానిన బిస్కెట్లు తిని యజమానికన్నా లావైంది కాబట్టి వాళ్ళే ఆ పేరు పెట్టారు. లాక్‌డౌన్‌లో సాంచాలన్నీ ఆగిపోయిన రోజున మా ఆయన వెనకాలే లింబాయత్‌లోని మా గదికి నడిచి వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా చెవుల్లో ఉన్న మోత ఒక్కసారిగా తెగిపోతే, సూరత్ నీళ్ళ అడుగుకు దిగిన ఊరిలా ఉండేది. ఎక్కడో గిన్నె జారితే నాలుగు గల్లీల దాకా వినిపించేది. గాలిలో నూలు దుమ్ము లేదు, ఎండ కడిగినట్టు ఉండేది. ఆ మధ్యాహ్నం కునుకులో సన్నని మోత వినిపించి, సాంచాలు మొదలయ్యాయి కాబోలనుకుని లేచాను. నా పొట్ట పక్కన సేఠు నిద్రపోతోంది. మళ్ళీ పడుకున్నాను. కార్ఖానా తెరవకపోయినా ఫరవాలేదని ఆ ఒక్క క్షణం అనిపించింది, తప్పేమో తెలియదు.

మరుసటి ఏడు, రెండోసారి రోగం ఊరంతా తిరుగుతున్నప్పుడు, నాకొక కల వచ్చింది. డుమస్‌లో నల్లటి ఇసుక మీద కూర్చుని సేఠు సముద్రాన్ని తాగుతోంది. నేను వెనక నుంచి బిందెలతో నీళ్ళు తెచ్చి పోస్తున్నాను. అది తాగుతూనే ఉంది, నేను పోస్తూనే ఉన్నాను, నీళ్ళు తగ్గిపోయి పడవలు ఇసుకలో ఒరుగుతున్నాయి. కళ్ళు తెరిస్తే నిజంగానే బకెట్లో తల పెట్టి తాగుతోంది. అది మోరీ దగ్గర ఉచ్చ పోసుకున్న చోట చీమలు బారులు కట్టాయి. మా అత్తమ్మ కనకవ్వకు షుగర్ ఉందని మాకు తెలిసింది కూడా చీమల వల్లే. పిల్లి వెనక కాళ్ళు మడమల దాకా నేలకు ఆనించి, ముసలమ్మలా నడుస్తోంది. సంచీలో పెట్టుకుని ఆల్థాన్‌లోని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆమె చెవి అంచున పొడిచి రక్తపు చుక్క చూసి, షుగరే అంది. పాలు, అన్నం, బిస్కెట్ బంద్. గుడ్డు, ఉడికించిన కోడి. పొద్దున ఒక సూది, సాయంత్రం ఒకటి. మా అత్తమ్మ ఇన్సులిన్ ఇంట్లోనే ఉంది కదా అంటే, పొరపాటున కూడా అది వేయవద్దంది. "పహలే ఖానా, ఫిర్ సూయీ," అని నాచేత మళ్ళీ చెప్పించింది. తిన్నాకే సూది, తినకుండా వేస్తే ఆ మందే దాన్ని చంపుతుంది. తూలిందంటే తీపి నీళ్ళు చిగుళ్ళకు రాయాలి, గొంతులో పోయకూడదు. నేను పాఠంలా అప్పజెప్పాను.

"షుగర్ సేఠులకొస్తదని ఎరికే గని, గిట్ల పిల్లి సేఠుకు గూడ వస్తదా," అని నవ్వాడు శ్యాంసుందర్. తర్వాత నవ్వు ఆపేశాడు. "చూడు ఊర్మిళా, ఇంకోపారి పడకేసిందంటే డుమస్ కాడ ఇడిసిపెట్టొస్త. చేపలు తిని బతుకుతది. నీకు పని లేదా, పిల్లికి సూదులేసుకుంట కూసుంటున్నవ్?"

ఎనిమిదేళ్ళుగా పొద్దునా సాయంత్రం అత్తమ్మకు సూది వేస్తున్నాను. దాన్ని ఎవరూ పని అనలేదు. ఊపిరి పీల్చడాన్ని పని అంటామా, అలాగే. వంట, బట్టలు, చీరలకు రాళ్ళంటించడం, అత్తమ్మ సూది, ఇవన్నీ వాటంతటవే జరుగుతాయని వాళ్ళ నమ్మకం. పిల్లికి వేసినప్పుడే నా చేయి వాళ్ళ కంటపడింది. నా కోసం నేను ఎంచుకున్న పని అదొక్కటే కాబట్టి కాబోలు. డుమస్‌లో ఇన్సులిన్ ఎవరు వేస్తారు? అక్కడ దింపడమంటే చంపడమే. పిల్లి ఇంకోసారి పడకేయకూడదు, అంతే. పొద్దున నిద్ర లేవగానే ముందు దాని ఊపిరి వినేదాన్ని.

శ్రావణం వచ్చింది. మా ఇంట్లో శ్రావణ సోమవారాలు ఒక్కపొద్దు, సాయంత్రం దీపం పెట్టాకే అన్నం. అయితే మా ఆయనకు డ్యూటీ, ఉపవాసం ఉండలేడు. అత్తమ్మకు షుగర్, ఉండకూడదు. కాబట్టి ఇంటిల్లిపాది పుణ్యమూ నా కడుపు మీదే. నెలంతా నీసు ముట్టరు గనుక సేఠు గుడ్డును బయట వసారాలో, పాత స్టవ్ మీద ఉడికించేదాన్ని. అత్తమ్మ ముక్కు మూసుకునేది.

రెండో సోమవారం సేఠు గిన్నెలో గుడ్డు వేసి, అత్తమ్మకు రొట్టె చేసిపెట్టి సూది వేసి, వచ్చి చూస్తే గిన్నె ఖాళీ. తిన్నదనుకున్నాను. సూది వేసి రాళ్ళ పనికి కూర్చున్నాను. ఆకలికి నా తల ఎప్పటిలాగే తేలిపోతోంది. ఒక్కపొద్దు రోజుల్లో నాకు అన్నీ దూరంగా, మెత్తగా కనిపిస్తాయి. చీర మీది రాళ్ళు నీళ్ళలో గులకరాళ్ళలా కదులుతాయి. అందుకే సేఠు తూలుతూ నా వైపు వస్తుంటే అది కూడా ఆకలి చూపించే బొమ్మేననుకున్నాను. అది పక్కకు ఒరిగింది. కాళ్ళు కొట్టుకోవడం మొదలైంది.

బెల్లం ముక్క నీళ్ళలో నలిపి, వేలితో చిగుళ్ళకు రాశాను. రాస్తూ, డాక్టరమ్మకు ఫోన్ కలిపి, మళ్ళీ రాస్తూ ఉన్నాను. "ఖాయా థా?" అని ఆమె మొదటి మాట. తిన్నదనే చెప్పాను.

"తినలే బిడ్డా," అంది వెనక నుంచి అత్తమ్మ. "నువ్వు ఒక్కపొద్దుంటే నీ ముంగట అది గుడ్డు తినుడేందని నేనే తీసి మోరీల పారేసిన. దానికి గూడ జర పున్నెం దక్కుతదనుకున్న. సూదేస్తవని యాది లేకపాయె."

నాకు ఒళ్ళు మండిపోయింది. అరుద్దామనుకున్నాను. కానీ ఆమె కళ్ళు తుడుచుకుంటోంది, అబద్ధపు ఏడుపు కాదు. పిల్లి మీద ప్రేమతోనే దాని తిండి తీసేసింది. నన్ను కూడా అంతే ప్రేమగా, బొట్టు పెట్టి మరీ, ఇన్నేళ్ళు పస్తుంచింది. ఆమెనూ ఎవరో అలాగే ఉంచి ఉంటారు.

కాసేపటికి నా వేలి మీద గరుకుగా తగిలింది. సేఠు నాలుక. నాకుతోంది. ఇంకో గుడ్డు ఉడికించి పెడితే నా అరచేతిలోంచే తిన్నది. ఫోన్లో డాక్టరమ్మ, సాయంత్రం సూది వద్దంది. ఆ తర్వాత అడిగింది, ఇంట్లో ఇంకెవరికి సూది వేయడం వచ్చని. "కోయీ నహీ," అన్నాను. "ఔర్ ఆప్ కో కుఛ్ హో గయా తో?" ఆ రోజుల్లో అది అపశకునపు మాట కాదు, ప్రతి గల్లీలోనూ ఎవరికో ఒకరికి ఏదో ఒకటి అవుతూనే ఉంది. నాకేమైనా అయితే ఈ ఇంట్లో రెండు ప్రాణాలు ఒకటి తర్వాత ఒకటి పోతాయి. అంత బరువు ఖాళీ కడుపుతో మోస్తున్నానా అనుకుంటే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

సాయంత్రం శ్యాంసుందర్ వచ్చాడు. అత్తమ్మే అంతా చెప్పింది. "నేను చెప్పలే? రేపే డుమస్ తీస్కపోత," అన్నాడు.

"అది యాడికి పోదు," అన్నాను.

ఇంకా దీపం పెట్టలేదు. దేవుడి మీద నాకేమీ కోపం లేదు. అత్తమ్మ భోజనం అయిపోయింది. నేను ఆమె సూది తెచ్చి, మందు ఎక్కించి, మా ఆయన అరచేతిలో పెట్టాను.

"ఏందిది?"

"మీ అమ్మ సూది. ఇయ్యాల్టి సంది నువ్వెయ్యాలె. రేపు సేఠుది గూడ నేర్పిస్త."

"నాకు సూదంటే భయం. నీకు ఎరికేనాయె."

"నాకు గూడ భయమే ఉండె. ఎనిమిదేండ్ల సంది ఎవలడిగిన్రు?" అని, కంచం తెచ్చుకుని అన్నం పెట్టుకున్నాను.