బీరువాలో నేను, తుక్కుగూడలో భారతమ్మ

శంషాబాద్ విమానాశ్రయం పక్కనున్న తొండుపల్లిలో మా గల్లీవాళ్లు ఆన్‌లైన్‌లో ఏది కొనాలన్నా ముందు నన్నడగాలి. పక్కింటి కళ్యాణి చీపురు కొనాలన్నా ఫోన్ తెచ్చి నా ముందు పెడుతుంది. నేను కళ్లద్దాలు సర్దుకుని, ఐదు నక్షత్రాల పొగడ్తలన్నీ వదిలేసి, ఒక్క నక్షత్రం ఇచ్చినవాళ్ల ఏడుపు మాత్రం చదువుతాను. వాపసు తీసుకుంటారా, ఎన్ని రోజుల్లోగా ఇవ్వాలి, అమ్మేవాడికి అడ్రసంటూ ఒకటుందా, అన్నీ చూశాకే కొనమంటాను. ఏడో తరగతి చదివిన ఈ మల్లేశ్వర్ పేరు చెబితే ఢిల్లీలో దుకాణదారులు వణుకుతారని అందరూ అంటారు. అందరూ అంటే, నేనే అంటాను.

అలాంటి నేను, మొన్న ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం, ఆన్‌లైన్‌లో కొన్న ఇనుప బీరువాలో ఇరుక్కుపోయాను.

తప్పు బీరువాది కాదు, నా తెలివిది. రేకుకు సన్న చిల్లు ఉంటే బయటినుంచి కనపడదు. లోపల నిలబడి తలుపు మూసుకుంటే వెలుతురు పట్టిస్తుంది. వాపసు గడువు ఆ రోజుతో ఆఖరు. అరలు ఊడదీసి, ఫోన్ పట్టుకుని లోపలికి దూరి, తలుపు లాక్కున్నాను. బయట పిడి టక్కున పడింది.

అడుగున దారమంత సందు తప్ప ఎక్కడా వెలుతురు లేదు. సరుకు మంచిదే.

అరిచాను. మా ఇంటిమీదుగా విమానం దిగింది. అది పోయాక మళ్లీ అరిచాను. ఇంకోటి దిగింది. ఆ పూట ప్రపంచంలోని విమానాలన్నీ నా నోరు మూయడానికే శంషాబాద్ వచ్చాయి. ఇంకో గంట అలాగే చెమట పట్టి ఉంటే హిమాయత్ సాగర్ చెరువు నిండి గేట్లు ఎత్తేవాళ్లు.

కళ్యాణికి ఫోన్ చేయొచ్చు, మా ఇంకో తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. చేస్తే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, ఇక నన్ను సలహా అడిగేదెవరు? గుట్టు దాచే మనిషి ఒక్కతే, నా భార్య భారతమ్మ. నేను పడుకుంటానన్నానని బయట తాళం వేసుకుని తుక్కుగూడలో చెల్లెలు అనంతమ్మ దగ్గరికి పోయింది. ఆమెకే చేశాను.

“భారతీ, జల్ది ఇంటికి రా. బీరువాల ఇరుక్కున్న.”

“మల్ల పరీక్షనా?” అంది.

అంతకుముందు వారం నా ఘనకార్యం ఒకటుంది. దోస్తు నరేందర్‌తో ఆమెకు ఫోన్ చేయించి, పార్సిల్ వాడిలా ఓటీపీ అడిగించాను. పాపం, చెప్పేసింది. దాన్ని పట్టుకుని గల్లీ మొత్తం వినేలా పాఠం చెప్పాను. మొగుడి గొంతు వినిపించినా నమ్మొద్దు, ఇప్పుడు గొంతులు కూడా మిషన్లే చేస్తున్నాయి అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

“పరీక్ష గాదే, పానం పోతుంది!”

“పానం పోతుందంటరు, జల్ది అంటరు, పరేషాన్ జేస్తరు. గప్పుడే ఫోన్ పెట్టెయ్యాలె. నువ్వే చెప్పినవ్ గదా.”

“చెప్పిన! గని గిప్పుడు నిజంగ నేనే!”

“దొంగ గూడ గట్లనే అంటడని చెప్పినవ్.”

వెనకనుంచి అనంతమ్మ నవ్వు వినిపించింది. “బావ మంచిగ యాక్టింగ్ జేస్తుండక్కా, పెట్టెయ్!”

“పెట్టకు! ఏదన్న అడుగు, చెప్త.”

“మన గోడమీది కుండీలల్ల ఏముంది?”

“తోటకూర.”

“గది తొవ్వల పోయెటోనికి గూడ కనపడ్తది. పూల కుండీలల్ల కూర ఎందుకేసినవ్?”

ముక్కు రేకుకు తగులుతోంది. కాళ్లు తిమ్మిరెక్కాయి. చెమట తుడుచుకుందామంటే రెండో మోచేయి మడవడానికి చోటు లేదు. ఇంకో విమానం దిగిపోయేదాకా ఆగాను. ఆమె ఫోన్ పెట్టలేదు.

“కూర ఎయ్యలే,” అన్నాను. “నీలం గులాబి ఇత్తులని ఫోన్‌ల చూసి తెప్పించిన. ఎవడో ముంచిండు. తోటకూర మొలిసింది. సిగ్గయ్యి, కావాలనే ఏసినని చెప్పిన.”

“నీలం గులాబియా?”

“టీవీల చూసి, గసొంటిది తలల పెట్టుకుంటే ఎట్లుంటదో అన్నవ్ గదా.”

అనంతమ్మ నవ్వు ఆగింది.

“నక్షత్రాలు చూడలేదా?” అంది భారతమ్మ.

“ఒక్కటి గూడ చూడలే.”

“అయితే నువ్వే,” అంది. “పరీక్ష పెట్టెటోడు గిట్ల ఒప్పుకోడు. వస్తున్న, కూసో.”

“కూసోనీకి జాగ లేదే!”

ముప్పావు గంట పట్టిందని ఆమె అంటుంది. నా లెక్కలో మూడేళ్లు. గడ్డం బొడ్డుదాకా పెరిగింది. తాళం తీసిన చప్పుడు, చెప్పులు విడిచిన చప్పుడు వినిపించాయి. పిడిమీద గాజులు మోగాయి. తలుపు జానెడు తెరుచుకుని, నీళ్ల చెంబు లోపలికొచ్చింది. గటగటా తాగేలోపే తలుపు మళ్లీ మూసుకుంది.

“ఇంకేమన్న దాచినవా?” అంది భారతమ్మ.

“ముందు తలుపు తియ్యే!”

“తీసినంక చెప్తవా?”

ఆలోచించాను. చెప్పను.

“ఉన్నయ్,” అన్నాను.

“ఎన్ని?”

“నాలుగు.”

కుర్చీ ఈడ్చుకుని కూర్చున్న చప్పుడైంది. “ఒకటోది చెప్పు.”

మోకాళ్ల నొప్పుల బెల్టుతో మొదలుపెట్టాను.