పరగడుపు మందు

"నిజం జెప్పు రజనీ, ఆఫీసు పార్టీలల్ల ఏమన్న తాగుతున్నవా?"

టిఫిన్ బాక్సు తోముతున్న రజని చెయ్యి ఆగిపోయింది. అమీర్‌పేటలో తను పనిచేసే కోచింగ్ సెంటర్ వాళ్ళు ఉద్యోగులందరికీ ఉచితంగా రక్తపరీక్ష చేయించారు. రిపోర్టు ఆమె ఫోన్‌లోకి రాగానే మొగుడు నరేందర్ ముందు తనే చదివేశాడు. లివర్ ఎంజైములు ఉండాల్సినదానికి నాలుగింతలున్నాయట. ఎందుకని గూగుల్‌ని అడిగితే తాగుడు అందట. ఇంకేం, పెళ్ళాం కంటే గూగుల్ మీదే నమ్మకం!

ఇంట్లో వండి వార్చి, రోజంతా ఫ్రంట్ డెస్కు దగ్గర నవ్వు మొహం పెట్టి, వచ్చి మళ్ళీ అంట్ల ముందు నిలబడే మనిషికి తాగే తీరిక ఎక్కడిది? మంచినీళ్ళు తాగడమే మరిచిపోతోందే! ఈ మాట అంటే "జూసినవా అమ్మా, ఎట్ల మాట్లాడుతదో" అని తల్లిని పిలుస్తాడు. అందుకే ఊరుకుంది. అతను ఊరుకోలేదు. పొద్దున చూస్తే ఆమె హ్యాండ్‌బ్యాగు జిప్పు తెరిచి ఉంది, లోపలివన్నీ కలగాపులగంగా ఉన్నాయి. రజనికి ఒళ్ళు మండిపోయింది.

పంజాగుట్టలో డాక్టరమ్మ దగ్గరికి కూడా వెంట వచ్చాడు, అబద్ధం చెప్తుందేమోనని.

"మందు అలవాటుందా అమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఉంది మేడమ్. రోజు పరగడుపున. మా అత్తమ్మనే కలిపిస్తది."

డాక్టరమ్మ కళ్ళజోడు పైనుంచి చూసింది. నరేందర్ మొహం మాడిపోయింది. "అయ్యో, గా మందు గాదు మేడమ్! పిల్లల కోసమని చెట్ల మందు. నాచురల్."

"అందులో ఏముందో తెలుసా?"

ఇద్దరికీ తెలియదు.

"ఇదే కారణమని ఇప్పుడే చెప్పలేను. ఇంకొన్ని పరీక్షలు చేద్దాం. కానీ అదేంటో తెలియకుండా తాగడం ఏంటమ్మా? ఇవాళే ఆపేయండి. నెల తర్వాత మళ్ళీ రక్తం చూద్దాం." నరేందర్ వైపు తిరిగింది. "పిల్లల కోసం మీరేమైనా పరీక్షలు చేయించుకున్నారా?"

నరేందర్ ఫోన్‌లోకి చూసుకున్నాడు.

బయటికొచ్చాక మాత్రం గొంతు తగ్గించాడు. "గీ ముచ్చట అమ్మకు చెప్పకు. బాధపడ్తది. డబ్బాల జరంతనే ఉంది గదా, అయిపోనియ్యి." నిన్నటిదాకా లివర్ లివర్ అని గోల పెట్టిన మనిషి! మరి అతనికి ఫికరంతా పెళ్ళాం లివర్ గురించా, పెళ్ళాం తాగుతుందేమోననా? బండి మీద దారంతా రజని అదే ఆలోచించింది.

మర్నాడు పొద్దున గ్లాసు ఎప్పట్లాగే తయారుగా ఉంది. రజని డాక్టరమ్మ మాట చెప్పేసింది. అత్త కాంతవ్వ మూతి తిప్పింది. "డాక్టర్లు గట్లనే అంటరు బిడ్డా. చెట్టు మందు ఏం జేస్తది?"

"ఏం జెయ్యదా అత్తమ్మా?" రజని గ్లాసు తీసి పక్కనే ఉన్న మొగుడి చేతిలో పెట్టింది. "అయితే నువ్వు సుత తాగు. పిల్లలు ఇద్దరికి కావాలె గదా."

"దాందేముంది," అని నవ్వి నరేందర్ గ్లాసెత్తాడు. కాంతవ్వ ఒక్క ఉదుటున వచ్చి లాక్కుంది.

"నువ్వు తాగకు కొడుకా! ఏమన్నైతే?"

అనేశాక ఆ మాట కాంతవ్వకే వినపడినట్టుంది, తల తిప్పుకుంది. రజనికి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, మస్తు కోపం. అత్త చేతిలోంచి గ్లాసు తీసుకుని సింకులో వంపేసింది. పొడి డబ్బా కూడా బోర్లించింది.

"ఏమన్నయ్యేది నాకే అయినప్పుడు, తాగాల్నా వద్దా అనేది సుత నేనే జెప్త," అంది.