జెద్దా నుంచి శంషాబాద్‌కు ఇంకెంత దూరం

నేను ఒక తెరను. విమానంలో ముందు సీటు వీపుకు బిగించిన జానెడు తెరను. ఇప్పుడు వెలగడం మానేసి, పాత సామాను గదిలో గోడవైపు ముఖం పెట్టుకుని ఉన్నాను. బతికినన్నాళ్లూ కూర్చున్నచోటి నుంచి కదలకుండానే సముద్రాలు దాటాను. సినిమాలు, పాటలు ఎన్నో నాలో ఉండేవి. గల్ఫ్ నుంచి ఇంటికి వెళ్లేవాళ్లకు అవేవీ పట్టేవి కావు. ఇంకెంత దూరం, ఇంకెంత సేపు, అంతే. దిగాక వాళ్లు ఎవరిని కలుసుకున్నారో, ఎంత మురిసిపోయారో నాకు ఒక్కనాడూ తెలియలేదు. అలవాటైపోయింది అంటాను గాని, కాలేదు.

జెద్దా నుంచి శంషాబాద్‌కు నాలుగు వేల కిలోమీటర్ల పైచిలుకు, అయిదున్నర గంటల ప్రయాణం. ఒకనాడు నా ఎదుట రాజేశం అనే కూలీ కూర్చున్నాడు. పక్కన, మక్కాలో ఉమ్రా యాత్ర చేసుకుని నిర్మల్‌కు తిరిగి వెళ్తున్న హలీమాబీ. ఆమెకు చదువు రాదు.

"ఎంత దూరమొచ్చినం బిడ్డా?" అని మాటిమాటికీ అడిగేది. అతను నన్ను చూసి చెప్పేవాడు. విన్నప్పుడల్లా ఆమె ముఖం విప్పారేది, అతని ముఖం మాత్రం వాడిపోయేది. దూరం తగ్గుతుంటే దిగులుపడే మనిషిని నేను చూడటం అదే మొదటిసారి.

సముద్రం మీదికి వచ్చాక, నా పటం మీది బుల్లి విమానాన్ని వేలితో వెనక్కి, జెద్దా వైపు లాగాడు. వేలు తీయగానే అది మళ్లీ తన దారిన పడింది. మళ్లీ లాగాడు.

"గట్లెందుకు జేస్తున్నవ్ బిడ్డా?"

"అమ్మా, నా దోస్తు లచ్చన్న గీ విమానంలనే ఉన్నడు. కింద, పెట్టెల. పనికాడ గుండాగి పాణం పోయింది. ఆయన భార్య గంగుకు ఎవ్వలం చెప్పలే. దవఖానల ఉన్నడు, నేను తోల్కొస్తున్న అన్నం. అంబులెన్సు తీస్కొని ఎయిర్‌పోర్టుకొచ్చింది. ఇగ నేనే చెప్పాలె."

శవం చేరేదాకా చావు కబురు దాచడం మనుషుల దయ. ఆ దయ బరువు ఎవడో ఒకడి నెత్తిన పడక తప్పదు. ఆ తరువాత హలీమాబీ దూరం అడగలేదు. అతని చేతిని తన రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చుంది. దూరం చూపే ఆ అంకెను ఎక్కడో ఒకచోట ఆపేయాలని నాకెంత అనిపించిందో! కాని చూపించడమే నా వంతు, ఆపడం నా చేతిలో లేదు.

విమానం దిగింది. అందరూ లేచి సంచులు దించుకుంటున్నారు. రాజేశం కదల్లేదు. ఫోను మోగింది. ఎత్తబోతే వేలు స్పీకర్ మీద పడిందేమో, గంగు గొంతు నాకూ వినిపించింది.

"అన్నా, దిగిండ్రా? ఆయనకు జావ కాసి తెచ్చిన. ఒక్కసారి ఫోను ఆయనకియ్యి, మాట్లాడుత."

రాజేశం ఫోను మీదికి వంగాడు.

"చెల్లే, నీ పక్కన ఎవలన్న ఉన్నరా?"

గంగు మళ్లీ ఫోను ఆయనకు ఇమ్మని అడగలేదు.